పంజరం తలుపు తీస్తే పుణ్యమా?

కుప్పానికి బదిలీ అయిన పక్కింటామె రామచిలక పంజరాన్ని మా పుంగనూరు ఇంటి వసారాలో పెట్టి, "మీరే సాక్కోండక్కా, లేదంటే గుడి దగ్గర వదిలేస్తా, పుణ్యమన్నా వస్తుంది" అనింది. చిలక నన్ను ఓరగా చూసి, పచ్చిమిరపకాయను కాలితో పట్టుకుని గింజలు మాత్రం ఒలుచుకు తినింది. రెక్కల ఈకలు మొదలంటా కత్తిరించి ఉన్నాయి.

పూర్వజన్మలో చిలకను పంజరంలో పెట్టినందుకే రామదాసు పన్నెండేళ్లు గోల్కొండ చెరలో మగ్గాడని మన పెద్దలు చెప్పే కథ. అది విని భయపడి తలుపు తీసేవాళ్లున్నారు. ఎగరలేని పిట్టను పిల్లికి అప్పగించి పుణ్యం లెక్క రాసుకోవడం నాకు మింగుడుపడదు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కూడా ఫలం ఆశించే మంచితనాన్ని మంచితనంగా ఒప్పుకోలేదు.

పోనీ, నేనే ఉంచుకుందామంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రామచిలకను పెంచడాన్నే నేరమంటుంది. దత్తత మాట బూడిదరంగు ఆఫ్రికా చిలకల్లాంటి విదేశీ జాతులకే, వాటికీ నమోదు తప్పనిసరి. (జోస్యం చెప్పే చిలకను మాత్రం ఎవరూ అడగరు!)

కత్తిరించిన ఈకలు రాలి కొత్తవి మొలవాలంటే నెలలు పడుతుంది. మీ ఇంట్లోనూ ఇలాంటి చిలకుంటే అటవీశాఖ వాళ్లకు అప్పగించండి, గుడి దగ్గర మాత్రం వదలకండి.