నాబోతు తోటయు రాజమార్గమును

(1 రాజులు 21వ అధ్యాయము చదువుకొనుడి)



అహాబు రాజు నాబోతు తోటను ఊరకనే యిమ్మనలేదు. మారుతోట యిచ్చెదననెను, లేదా వెల యిచ్చెదననెను. ఈ మాట మనము త్వరగా చదివి దాటిపోవుదుము. నాబోతునకు అది వెలకట్టు నేల కాదు, పితరుల స్వాస్థ్యము.

1956లో అమెరికా ప్రభుత్వము 41,000 మైళ్ల రహదారులు వేయుటకు చట్టము చేసెను. ఖర్చులో నూటికి 90 వంతులు కేంద్ర ప్రభుత్వమే భరించెను. రోడ్డు మంచిదే. రోగిని ఆసుపత్రికిని పంటను సంతకును చేర్చునది అదే గదా! వానకాలపు బురదలో నడచిన మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అయితే అది ఎవరి యింటిమీదుగా పోవలెను?

మిన్నెసోటా రాష్ట్రములో సెయింట్ పాల్ అను పట్టణమున్నది. అపొస్తలుని పేరు పెట్టుకొన్న ఊరే! అందు రోండో వీధి చుట్టును నల్లజాతివారు గుడులు, అంగళ్లు, ఇండ్లు కట్టుకొని కాపురముండిరి. ఉత్తరమున రైలుపట్టాల ప్రక్కగా రహదారి వేయవచ్చునని హెరాల్డ్ అను ఇంజనీరు చెప్పెను. ఆ మాట చెల్లలేదు. త్రోవ రోండో మీదుగానే పోయెను. సుమారు 600 నల్లజాతి కుటుంబములు ఇండ్లు పోగొట్టుకొనెను. 1956లో ఇల్లు విడువనన్న ఒక వృద్ధ బోధకుని పోలీసులు బయటికి తెచ్చిరి. వెల యిచ్చిరి, నిజమే. ఆ సొమ్ము పట్టుకొని పోయినను, తెల్లవారి వీధులనేకములలో వీరికి ఇల్లమ్మువారు లేరు.

1968 నాటికి రహదారి పూర్తియాయెను. నల్లవారు రాకూడదని దానిపై ఏ పలకయు లేదు, ఎవరైనను పోవచ్చును. అందుచేతనే ఈ అన్యాయము కంటికి కనబడదు.

యెషయా 40వ అధ్యాయములో ప్రభువు త్రోవకొరకు తగ్గవలసినవి కొండలు, లేవవలసినవి లోయలు. రోండోలో లోయనే మరింత త్రవ్విరి. మాటవరుసకు అనుట లేదు. అచ్చట రహదారి నేలను లోతుగా త్రవ్వియే వేయబడినది.

మన దేశములోను మంచినీళ్ల బావియు బాటయు ఊరి వీధులవరకు వచ్చి, మన పేటల యెదుట ఆగిపోయిన దినములను మన పెద్దలు ఎరుగుదురు. కావున కాలువకో రోడ్డుకో గ్రామసభ కూడినప్పుడు సంఘపెద్దలు ఇంట కూర్చుండక వెళ్లవలెను. లాభమెవరికి, పోవు ఇల్లెవరిది అని కొలతగొలుసు పడకమునుపే అడుగవలెను. పడిన తరువాత అడిగిన ప్రయోజనము స్వల్పము.

2015లో ఆ పట్టణపు మేయరు రోండోవారిని బహిరంగముగా క్షమాపణ వేడెను. ఆ లోతు త్రోవపై కప్పు వేసి, రెండు ప్రక్కలను మరల కలిపి, దానిమీద ఇండ్లు కట్టనియ్యుడని వారి సంతతివారు అడుగుచు వచ్చిరి.