వానపాములకు పులిహోర

మా అమ్మ చేతిలో అన్నం మెతుకు వృథా అయ్యేది కాదు. పెరట్లో ఆవు, గుమ్మం పక్కన కుడితి గోలెం ఉండేవి. నేనుండేది మూడో అంతస్తులో. ఇక్కడ ఆవెక్కడిది? అందుకే కిందటేడు ఒక స్నేహితురాలు ప్లాస్టిక్ తొట్టిలో కొబ్బరి పీచు పరిచి, గుప్పెడు ఎర్ర వానపాములు వేసి ఇస్తే, అమ్మ గోలెమే తిరిగొచ్చినట్టు మురిసిపోయాను.

కూరల తొక్కలు, వాడేసిన టీ పొడి, నలిపిన గుడ్డు పెంకులు వేసేదాన్ని. రెండు మూడు నెలలకి నల్లటి ఎరువు తయారైంది. చెడు వాసన లేదు, తొలకరి మట్టి వాసనే!

అక్కడే నా బుద్ధి గడ్డి తింది. 'మిగిలితే ఏం, వానపాములున్నాయిగా' అన్న ధీమాతో బియ్యం కొలిచి పొయ్యడం మానేశాను. పండగనాడు గిన్నెడు పులిహోర మిగిలితే, పాపభయమైనా లేకుండా తొట్టిలో బోర్లించాను.

తెల్లారి మూత తీస్తే గుండె జారింది. కొన్ని మూత దాకా ఎగబాకి ఉన్నాయి. కొన్ని వడలిన దారాల్లా పడి ఉన్నాయి. వాటికి ఊపిరితిత్తులుండవు, తడి చర్మంతోనే గాలి పీలుస్తాయి. ఉప్పు ఆ తడిని లాగేస్తుంది. నూనె, పులుపు కూడా వాటికి పడవు.

మా పనిమనిషి తొంగిచూసి, "పులిహోరా అమ్మగారూ? రాత్రి నేనిక్కడే గిన్నెలు తోముతున్నాను కదమ్మా. పిల్లలకి పట్టుకెళ్ళేదాన్ని" అంది. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

డార్విన్ మహాశయుడు 1881లో అచ్చయిన తన చివరి పుస్తకం వానపాముల మీదే రాశాడు. వాటికి పియానో కూడా వినిపించి చూశాడట, పాపం అవి పట్టించుకోలేదు. ఇక నా సంజాయిషీలు వాటికేం వినబడతాయి?

కానీ ఆలోచిస్తే వాటి న్యాయం సరైనదే అనిపించింది. అరటికాయకి తొక్క మిగలడం దాని స్వభావం, అందులో ఎవరి తప్పూ లేదు. పులిహోర మిగలడం నా నిర్లక్ష్యం. మొదటిదాన్ని అవి బంగారం చేస్తాయి. రెండోదాన్ని మోసే బాధ్యత వాటిది కాదు. ఆమాటకొస్తే పనిమనిషిదీ కాదు! మిగిలితే ఇవ్వడాన్ని దానమని ఎలా అనుకుంటున్నామో మీరే చెప్పండి. ఇవ్వాలనుంటే మనం తినకముందే ఒక గిన్నెలో తీసిపెట్టలేమా?

ఇప్పుడు బియ్యం కొలిచే పోస్తున్నాను. పండగ వంటలో ఆమె గిన్నె ముందే పక్కన పెడుతున్నాను. బతికిన వానపాములు మళ్ళీ పిల్లల్ని పెట్టాయి.

"వానపాములకి భయపడి వంట తగ్గించావా?" అని మావారు నవ్వారు.

"భయం కాదండీ, సిగ్గు" అన్నాను.