బిడ్డపై మమకారం బంధమేనా? జిల్లెళ్లమూడి అమ్మ చూపిన దారి

బిడ్డను పెంచడానికి మమకారం, అంటే ‘ఇది నాది’ అనే భావం, తప్పనిసరి. జ్వరంతో మూలిగే పసివాడి పక్కన తల్లిని తెల్లవార్లూ కూర్చోబెట్టేది అదే. అయితే మోక్షాన్ని గురించి చెప్పే గ్రంథాలు ఆ భావాన్నే బంధంగా లెక్కిస్తాయి. భగవద్గీత పదమూడవ అధ్యాయం జ్ఞానలక్షణాలను వివరిస్తూ కొడుకులు, భార్య, ఇల్లు మొదలైనవాటిపై తగులం లేకపోవడాన్ని కూడా వాటిలో చేర్చింది. భార్యను పేర్కొని భర్తను పేర్కొనకపోవడాన్ని బట్టి ఆ మాట ప్రధానంగా పురుషుణ్ణి ఉద్దేశించినదని గ్రహించవచ్చు. కడుపున మోసి, పాలిచ్చి పెంచిన స్త్రీని ఆ తగులం తెంచుకోమనడం సాధ్యమా, సాధ్యమైనా న్యాయమా అన్న ప్రశ్న అక్కడ విచారణకు రాలేదు.

పురాణం ఆ ప్రశ్నను కొంత పట్టించుకుంది. తిక్కన శిష్యుడైన మారన తెలుగు చేసిన మార్కండేయ పురాణంలో మదాలస అనే రాణి ఊయలలోని బిడ్డలకు జోలపాటగా ఆత్మతత్త్వాన్ని వినిపిస్తుంది. ఫలితంగా ముగ్గురు కొడుకులు విరాగులై వెళ్లిపోగా, వంశం నిలవాలని భర్త ఋతధ్వజుడు వేడుకొన్నందువల్ల నాలుగవవాడైన అలర్కునికి రాజధర్మం నేర్పుతుంది. తల్లే తొలి గురువన్న మాటకు ఇంతకంటే గొప్ప ఉదాహరణ లేదు గాని, ఆ గురుత్వం బిడ్డలను ఇంటినుంచి విడదీసే గురుత్వం. బౌద్ధం మరో వైపునుంచి వచ్చింది. అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల స్తూపాల వల్ల కృష్ణాతీరానికి సుపరిచితమైన ఆ ధర్మానికి చెందిన పాలి వాఙ్మయంలో, మెత్త సుత్తం అనే మైత్రీబోధ ఒక్కగానొక్క బిడ్డపై తల్లికి ఉండే ప్రేమనే సమస్త ప్రాణులపై చూపవలసిన మైత్రికి కొలతగా తీసుకొంది. ఇక్కడ తల్లిప్రేమకు గౌరవం దక్కింది; కాని ఇల్లు విడిచిన సాధకునికి అది ఉపమానంగా ఉపయోగపడిందే తప్ప, ఇంట్లో ఉన్న తల్లికి ఏ దారీ ఏర్పడలేదు.

ఇల్లు విడవని తల్లి నోటినుంచే సమాధానం వచ్చిన అరుదైన సందర్భం బాపట్ల దగ్గరి జిల్లెళ్లమూడిలో కనిపిస్తుంది. విజయవాడ వద్ద 1855లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ వరిపంటకు నిలయంగా మార్చిన పడమటి డెల్టాలోని చిన్న పల్లె అది. 1923లో గుంటూరు జిల్లా మన్నవలో జన్మించి, జిల్లెళ్లమూడి అమ్మగా పేరుపొందిన అనసూయాదేవి పసితనంలోనే తల్లిని పోగొట్టుకున్నారు. 1936లో బ్రహ్మాండం నాగేశ్వరరావుతో వివాహమై, జిల్లెళ్లమూడి కరణంగా పనిచేసిన ఆయన ఇంట ఇద్దరు కొడుకులకు, ఒక కూతురికి తల్లి అయ్యారు. 1985లో దేహం చాలించేవరకు ఆమె సన్న్యసించలేదు. తన వద్దకు వచ్చినవారితో తనకున్నది గురుశిష్య సంబంధం కాదని, తల్లీబిడ్డల సంబంధమేనని ఆమె పదేపదే చెప్పారు.

ఆమె బోధలో కీలకమైన భావం ఇది: తన బిడ్డలో దేన్ని చూస్తున్నామో దాన్ని అందరిలో చూడగలగడమే సాధనకు గమ్యం. దీన్నిబట్టి తల్లి తన మమకారాన్ని తగ్గించుకోనక్కరలేదు, దాని హద్దు చెరిపితే చాలు. వినడానికి సులువుగా ఉన్నా సన్న్యాసం కంటే ఇది కష్టమైన షరతు, ఎందుకంటే అందరినీ విడిచిపెట్టినవానికి అందరూ సమానం కావడంలో వింత లేదు. కన్నబిడ్డను ఒడిలో ఉంచుకొనే పొరుగుబిడ్డ ఆకలిని అంతగానూ అనుభవించవలసి రావడం వేరు. 1958 ఆగస్టు 15న ఆమె ప్రారంభించిన అన్నపూర్ణాలయం, అంటే వచ్చినవారందరికీ అన్నం పెట్టే వంటశాల, ఈ తత్త్వానికి ఆచరణరూపం. అక్కడ విస్తరి వేయడానికి కులం గాని, మతం గాని, అర్హత గాని అడిగేవారు కాదు. లక్షమంది ఒకే పంక్తిలో భోంచేయడం చూడాలన్న ఆమె కోరిక 1973లో జరిగిన ఆమె స్వర్ణోత్సవాలలో నెరవేరింది.

పెంపకం విషయంలో ఆమె మాట మరింత లోతైనది, వివాదాస్పదమైనది కూడా. జరిగేదంతా దైవసంకల్పమేనని, మనిషి ప్రయత్నం సైతం అందులో భాగమేనని ఆమె నిశ్చయం. ఆ లెక్కన బిడ్డ చేసిన తప్పుకు బిడ్డను కర్తగా నిలబెట్టడం కుదరదు. ఈ వాదాన్ని అలాగే తీసుకుంటే క్రమశిక్షణకు తావుండదన్న ఆక్షేపణ సహజం. కాని మందలించే తల్లి నోరు కూడా ఆ సంకల్పంలోనిదే కనుక మందలింపు నిలుస్తుంది. చెల్లనిది బిడ్డ యోగ్యతపై తీర్పు మాత్రమే. ఈ భేదం డెల్టా కుటుంబాలకు నేడు అత్యవసరం. విజయవాడ చుట్టూ వెలసిన రెసిడెన్షియల్ కళాశాలల హాస్టళ్లకు పదహారేళ్ల పిల్లలను పంపే తల్లిదండ్రులలో, ఆ ఫీజుల కోసం పొలం అమ్ముకునేవారిలో సైతం, ప్రేమ లోపించిందనడం అన్యాయం. అక్కడ ‘నాది’ అనే భాగం ఉబ్బి, ర్యాంకు ఇంటి పరువయింది. మార్కులు తగ్గిన పిల్లవాడు తన చోటు తానే పోగొట్టుకున్నట్టు కుమిలిపోతున్నాడు. ఇంత బాధకు కారణమైన అలవాటును ‘పిల్లల బాగు కోసం’ అన్న పేరుతో సమర్థించడం తగదు.

అయినా ఒక సందేహం మిగులుతుంది. అందరూ బిడ్డలే అయిన ఇంట్లో కన్నబిడ్డకు దక్కేదేమిటి? తాను ఒకరికి ప్రత్యేకమన్న నమ్మకం లేకుండా ఏ శిశువూ ఎదగదు, కాబట్టి ఈ సందేహాన్ని భక్తి పేరుతో తోసిపుచ్చకూడదు. దీనికి జిల్లెళ్లమూడి చరిత్రలోనే కొంత సమాధానం ఉంది. అనసూయాదేవి కూతురు హైమ 1968లో యౌవనంలోనే మరణించింది. ఆమెను ఖననం చేసిన చోట హైమాలయం అనే గుడి వెలసింది. అక్కడ ఇప్పటికీ పూజలు జరుగుతున్నాయి. ఎల్లరినీ సమంగా చూసిన ఇల్లు ఆ ఒక్క పిల్ల పేరును సామాన్యంలో కలిపివేయలేదు. అమ్మకు బిడ్డలైన వేలమందికి హైమ నేటికీ ఆ పేరుతోనే అక్క.