వీణలో పాట ఎక్కడుంది?

ఇంట్లో ఖరీదైన సౌండ్ సిస్టమ్ పెట్టుకున్నవారి గురించి లోకంలో ఒక మాట ఉంది: "వీళ్లకు ఇష్టం పాట మీద కాదు, పెట్టె మీద." యాంప్లిఫయర్ మారుస్తారు, స్పీకర్లు మారుస్తారు, చివరికి వాటిని కలిపే వైర్లు కూడా వేలు పోసి మారుస్తారు. ఒక పాట పెడతారు. పల్లవి పూర్తికాకముందే ఆపి ఇంకొకటి పెడతారు. బేస్ ఎంత లోతుగా వస్తోంది, తబలా ఏ పక్క నుంచి వినిపిస్తోంది అని పరీక్షిస్తారు. పాటలో మనిషి ఏం చెప్పుకుంటున్నాడో వారికి పట్టదు. ఇదీ వారి మీద ఉన్న నింద.

ఈ నిందలో నిజమెంత? వినడానికి చిన్న ప్రశ్నలాగే ఉంది గానీ, ధమ్మాన్ని అనుసరించేవారు దీన్ని తేలిగ్గా వదిలేయకూడదని మేము అనుకుంటున్నాం. దేన్ని ప్రేమిస్తున్నామని మనం చెప్పుకుంటామో, నిజంగా మన మనసు దేన్ని పట్టుకుని ఉంటుందో, ఈ రెండూ ఒకటేనా అన్న ప్రశ్న ఇందులో ఉంది.

సంయుత్త నికాయం, సళాయతన వర్గంలో తథాగతుడు చెప్పిన ఒక ఉపమానం ఉంది. అంతకు ముందెన్నడూ వీణానాదం వినని ఒక రాజు ఒకసారి విని మైమరచిపోయాడు. ఆ మోహింపజేసే శబ్దం దేనిదని అడిగాడు. వీణది అన్నారు. తెమ్మన్నాడు, తెచ్చారు. "ఈ వీణ నాకెందుకు? ఆ నాదాన్ని తీసుకురండి" అన్నాడు రాజు. వీణకు బుర్ర ఉంది, తోలు ఉంది, దండి ఉంది, తంత్రులున్నాయి, మీటే పుల్ల ఉంది, వీటన్నిటితో పాటు వాయించే మనిషి ప్రయత్నం ఉంది. ఇవన్నీ కలిస్తేనే నాదం పుడుతుందని పరివారం విన్నవించింది. రాజు వినలేదు. వీణను పది ముక్కలు చేశాడు, నూరు ముక్కలు చేశాడు, పేళ్లుగా చీల్చాడు, కాల్చి బూడిద చేసి గాలికి ఎగరబోశాడు. నాదం దొరకలేదు. చివరికి, వీణ అనేది పనికిమాలిన వస్తువు, దీన్ని నమ్మి జనం మోసపోతున్నారని తేల్చాడు.

ఈ ఉపమానం అక్కడ అనత్త సిద్ధాంతాన్ని వివరించడానికి వచ్చింది. పంచస్కంధాలను ఎంత వెదికినా "నేను" అనేది దొరకదని దాని భావం. అయినా మన ప్రశ్నకు కూడా అది సరిగ్గా సరిపోతుంది. రాజు రెండు తప్పులు చేశాడు. నాదం వస్తువులో దాక్కుని ఉందనుకోవడం మొదటిది. దొరక్కపోయేసరికి వస్తువునే తృణీకరించడం రెండోది. పెట్టెలో పాటను వెదికేవారిది మొదటి తప్పు. వారిని వెక్కిరించేవారిది చాలాసార్లు రెండో తప్పు.

వస్తువు మీద శ్రద్ధ పెట్టడం దోషం కాదు. మన డప్పు కళాకారులను చూడండి. వాయించే ముందు మంట వేసి డప్పు కాచుకుంటారు. తోలు బిగిసి, గొంతు విప్పే వరకు తిప్పి తిప్పి కాస్తారు, వేలితో తట్టి చూస్తారు. ఆ ఓపిక లేకపోతే దరువు పలకదు. దీఘ నికాయంలోని సక్కపఞ్హ సుత్తంలో పంచశిఖుడు మారేడు కర్రతో చేసిన వీణ మీటుతూ పాడతాడు. విన్న తథాగతుడు అతన్ని మెచ్చుకున్నాడు. తంత్రీనాదం పాటను మించలేదని, పాట తంత్రీనాదాన్ని మించలేదని, రెండూ ఒకదానితో ఒకటి కలిసిపోయాయని ఆ మెప్పు సారాంశం. సాధనం ఎంత ఉండాలి అన్నదానికి ఇంతకంటే మంచి కొలత మాకు కనిపించలేదు. సాధనం పాటతో కలిసిపోవాలి, పాటను దాటిపోకూడదు.

మంచి స్పీకర్ ద్వారా గాయని ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది. అది విని ఆమె పాట మీద గౌరవం పెరిగినవారు ఉంటారు. వారి ప్రేమను శంకించడానికి మనమెవరం? చిక్కు ఇంకోచోట వస్తుంది. చెవికి శబ్దం తగిలినప్పుడు ఫస్స. అది హాయిగా ఉంటే సుఖ వేదన. ఆ హాయి మళ్లీ కావాలనిపిస్తే తణ్హా. ఈసారి ఇంకొంచెం స్పష్టంగా, ఇంకొంచెం లోతుగా కావాలని దాన్నే పట్టుకు వేలాడితే ఉపాదానం. కొత్త పెట్టె కొన్న వారానికే దానికంటే మెరుగైనది కళ్లముందు తిరుగుతుంది. అప్పుడు పాట పెట్టెను పరీక్షించే పనిముట్టు అవుతుంది. డప్పు కాగుతూనే ఉంటుంది, దరువు మాత్రం మొదలవదు.

ఈ మాటను దృష్టిలో పెట్టుకుని ఒకసారి బస్తర్ వైపు చూద్దాం. ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగంలో, మన భద్రాచలం అడవులకు ఆనుకుని ఉన్న సీమ అది. అక్కడ ధన్‌కుల్ అనే వాద్యం ఉంది. ఒక మట్టి కుండ, దాని మూతి మీద ఒక చేట, చేట మీద ఒక కొస ఆనించిన పొడవాటి విల్లు, చీల్చిన వెదురు పుల్ల: వాద్యమంటే ఇంతే. విల్లుకర్ర మీద గాట్లు ఉంటాయి. ఒక చేత్తో పుల్లను గాట్ల మీద రాస్తూ, ఇంకో చేత్తో నారి లాగి వదులుతూ, గురుమాయిలు అనే గాయనులు జగార్ కథలు పాడతారు. అందులో లఛ్మీ జగార్ ధాన్యలక్ష్మి కథ. హల్బీ భాషలో రోజుల తరబడి సాగుతుంది. వడ్లు చెరిగే చేటే ధాన్యం కథకు వాద్యమైంది. ధన్‌కుల్‌ను విడదీస్తే మిగిలేవి కుండ, చేట, విల్లు, పుల్ల. వాటిలో దేనిలోనూ జగార్ లేదు. అయితే అవి లేకుండా కూడా జగార్ లేదు. రాజుకు అర్థం కాని సంగతి ఈ నాలుగు వస్తువులను చూస్తే పసిపిల్లలకైనా అర్థమవుతుంది.

వినడం విషయంలో కూడా ఆ ప్రాంతం ఒక పాఠం చెబుతుంది. 2010లో శుభ్రాంశు చౌధరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర ద్వారా అడవి పల్లెల వారు ఫోన్ చేసి తమ వార్తలు, కష్టాలు, పాటలు రికార్డు చేయగలిగారు. తర్వాత ఆ శబ్దాలు బ్లూటూత్ మీద ఫోన్ నుంచి ఫోన్‌కు ప్రయాణించాయి. బ్లూటూత్ అక్కడి నోళ్లలో "బుల్టూ" అయింది, దాన్నే బుల్టూ రేడియో అన్నారు. మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. మామూలు టెలిఫోన్ లైను మోసేది 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే. అంటే పాటలోని మంద్రం చాలావరకు పోతుంది, పై మెరుపూ పోతుంది. సౌండ్ ప్రియులు దాన్ని పాట అని కూడా అనరేమో. గోండీ తెలిసినవారికి మాత్రం అది తమ భాషలో తమ మనిషి గొంతు.

అయితే, బీదవారి ఫోను గొప్పది, ధనికుల స్పీకర్ హీనమైనది అని మేము చెప్పడం లేదు. నిరాడంబరతను చూసుకుని గర్వపడటం కూడా మానమే, అదీ ఒక సంయోజనమే. పైగా డీజే బాక్సుల మోజు బస్తర్‌కు కూడా చేరింది. గుండెలు అదిరేలా మోగించడం అక్కడి పెళ్లిళ్లలోనూ ఉంది. గొప్పతనం బస్తర్ మట్టిలో లేదు, దోషం నగరం కరెంటులో లేదు.

ఇప్పుడు ఉపమానంలోని చివరి అంగానికి వద్దాం. వీణ అంగాలను చెబుతూ పరివారం "వాయించే మనిషి ప్రయత్నం" అని కూడా చెప్పింది. రాజు కొయ్యను చీల్చాడే గానీ, ఆ వీణ వాయించినదెవరని ఒక్కసారి కూడా అడగలేదు. పెట్టెను ప్రేమించేవారు తరచుగా మరిచేది దీన్నే. నిజం చెప్పాలంటే, పాటను ప్రేమిస్తున్నామని చెప్పుకునే మన సమాజం మొత్తం మరిచింది దీన్నే.

బస్తర్‌లో పెళ్లికీ, దేవతల ఊరేగింపుకూ మోహ్రీ బాజా కావాలి. మోహ్రీ సన్నాయి లాంటి వాద్యం, దానికి నగారా తోడుంటుంది. వాటిని వాయించడం గండా కులస్థుల వృత్తి. ఛత్తీస్‌గఢ్ షెడ్యూల్డు కులాల జాబితాలో ఆ కులం ఉంది. వారి బాజా లేకుండా శుభకార్యం జరగదు, అయినా ఊరి మర్యాదల్లో వారికి దక్కింది కింది మెట్టే. మన తెలుగు పల్లెల్లో డప్పు కథ కూడా ఇదే. చావుకూ జాతరకూ డప్పు మోగాలి. మోగించిన మాదిగ మాత్రం వాకిలి బయటే నిలబడాలి. శబ్దాన్ని లోపలికి రానిచ్చి మనిషిని బయట నిలబెట్టిన చెవులకు సంగీతం మీద ప్రేమ ఉందని ఎలా అంటాం? ఆ ఊరి పెద్దలకంటే, పెట్టెను పిచ్చిగా తుడుచుకునే ఆ సౌండ్ ప్రియుడు చేసిన తప్పు చాలా చిన్నది. అతను మరిచిపోయాడు, వీరు తెలిసి తెలిసి వెలివేశారు. దళిత ఉద్యమాలు అదే డప్పును ఆత్మగౌరవ చిహ్నంగా చేతపట్టినప్పుడు, వీణలో రాజు చూడని ఆ చివరి అంగాన్నే లోకానికి చూపించాయి.

కాబట్టి మొదటి ప్రశ్నకు మా సమాధానం ఇది. సౌండ్ పరికరాలను ఇష్టపడేవారిలో సంగీతాన్ని ప్రేమించేవారూ ఉన్నారు, ప్రేమించనివారూ ఉన్నారు. పరికరం ధర దాన్ని తేల్చదు. ఎవరికి వారు వేసుకోవలసిన ప్రశ్నలు మూడు ఉన్నాయి. పెట్టె పాడైన రోజున ఆ పాటను చిన్న ఫోనులో వినడానికి మనసు ఒప్పుకుంటుందా? పాట చివరి వరకు కూర్చోగలుగుతున్నామా, లేక చెయ్యి మళ్లీ మీట వైపే పోతోందా? ఆ నాదం ఎవరి శ్రమ నుంచి వచ్చిందో వారు మన ఇంటికి వస్తే, లోపలికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటామా?

అష్టశీలాలు పాటించేవారు ఉపోసథ దినాన పాటకూ వాద్యానికీ దూరంగా ఉంటారు. పరీక్షకు ఆ రోజు అనువైనది. చుట్టూ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మనసు ఏమడుగుతుందో గమనించండి. పెట్టెనా, హాయినా, పాటనా, పాడిన మనిషినా? మర్నాడు వినేటప్పుడు ఆ జవాబును గుర్తు పెట్టుకోండి.