పాత బండి ఇనుము, పెండ్లి ఉంగరము

ధ్యాన భాగము: సంఖ్యాకాండము 16:36–40, నిర్గమకాండము 38:8



కోరహును అతని సమాజమును మోషేమీద తిరుగబడిన సంగతి మీరెరిగినదే. ధూపార్తులు పట్టుకొని నిలిచిన 250 మంది ఆ దినమున అగ్నిచేత దహింపబడిరి. అంతవరకు మనము అనేక ప్రసంగములలో వినియున్నాము. తరువాతి అయిదు వచనములను మాత్రము త్వరగా చదివి దాటిపోవుదుము. మనుష్యులు కాలిపోయిరి గాని వారి చేతులలోని ఇత్తడి కాలిపోలేదు. దానిని పారవేయుమని దేవుడు సెలవియ్యలేదు. యాజకుడైన ఎలియాజరు ఆ ధూపార్తులను మంటలలోనుండి ఏరి తెచ్చెను. వాటిని రేకులుగా కొట్టి బలిపీఠమునకు కప్పు చేసిరి.

నిర్గమకాండములో ఇంకొక సంగతి కలదు. గుడారపు ద్వారమునొద్ద సేవచేయు స్త్రీల అద్దములతో యాజకులు కాళ్లు చేతులు కడుగుకొను గంగాళమును చేసిరి. ఆ కాలపు అద్దములు గాజువి కావు, మెరుగుపెట్టిన లోహపు పలకలు. ఆ లోహము నిన్నటివరకు ఎవరి యింట ఏ పనిలో నుండెనని ఎవరును అడిగినట్టు వ్రాయబడలేదు.

ఈ భాగములను ఇప్పుడు ఎత్తుటకు కారణము చెప్పెదము. మా పాస్టరేటులోని ఒక గ్రామమున లారీల షెడ్డులో పనిచేయు యౌవనుడొకడు ఒక సాయంకాలము మా యొద్దకు వచ్చి, చేతిరుమాలు విప్పి, రెండు ఉంగరములను బల్లమీద పెట్టెను. తెల్లగా మెరయుచుండెను. వెండియా అని అడిగితిమి. "కాదండి అయ్యగారూ, పాత లారీ ఆల్టర్నేటరు బేరింగులండి. లేతు మీద నేనే తీశాను. పెళ్లికి ఇవి పనికొస్తాయాండీ?" అనెను. వధువు తండ్రి రెండు బంగారపు ఉంగరములకును ఒక గొలుసునకును తన అరయెకరము మాగాణిని తాకట్టు పెట్టుటకు సిద్ధపడియున్నాడనియు, అది తనకు ఇష్టము లేదనియు చెప్పెను.

సంఘపు పెద్దలలో ఈ మాట తెలియగానే కలవరము పుట్టెను. ఒక పెద్దమనిషి "ఇనుప ఉంగరం శనికి కదండీ పెట్టుకునేది, శుభకార్యంలో అదేమిటి?" అనెను. గుర్రపు నాడాతో ఉంగరము చేయించి శనిదోషము పోవుటకు నడిమివ్రేలికి తొడుగుకొనుట మన ప్రాంతములలో అందరెరిగిన ఆచారమే. తరతరములుగా బాప్తిస్మము పొందిన కుటుంబములలోను ఆ భయము మూలనెక్కడనో దాగియుండుట చూచి మేము ఆశ్చర్యపడలేదు గాని దుఃఖపడితిమి. ద్వితీయోపదేశకాండము 8:9 తీసి చూడుడి. దేవుడు తన ప్రజలకిచ్చు మంచి దేశమును వర్ణించుచు, అచ్చటి రాళ్లలో ఇనుమున్నదని మేలుగానే చెప్పబడెను. ఇనుము ఏ గ్రహమునకును ఆస్తి కాదు. భూమియు దాని సంపూర్ణతయు ఎవరివో కీర్తనకారుడు ఇదివరకే చెప్పియున్నాడు.

వేరొకరు, సంఘమునకు అవమానము గదా అనిరి. ఇది కొంచెము ఆలోచింపదగిన మాట. బైబిలులో పెండ్లి ఉంగరము అను ఆచారమే కానరాదు. రిబ్కాకు ఇచ్చినది ముక్కుకమ్మియు రెండు కడియములును. ఫరో యోసేపునకు తొడిగినది అధికారపు ఉంగరము. తప్పిపోయిన కుమారునికి తండ్రి తొడిగించినది కుమారత్వపు గురుతు. పెండ్లిలో ఉంగరము రోమీయుల అలవాటునుండి క్రైస్తవులకు వచ్చినది. ఆ రోమీయుల ఉంగరము దేనితో చేసినది? ప్లినీ అను రోమా గ్రంథకర్త, క్రీ.శ. 79లో వెసూవియసు పర్వతము ప్రేలినప్పుడు మరణించినవాడు, ప్రకృతి చరిత్ర అను తన గ్రంథములో దీనినిగూర్చి వ్రాసెను. తన దినములలో సహితము నిశ్చితార్థమైన కన్యకు రాయి పొదగని ఇనుప ఉంగరమునే పంపుచుండిరని చెప్పెను. పౌలు రోమాలోని సంఘమునకు పత్రిక వ్రాసినది ఆ తరములోనే. ఆ పత్రికను విన్న స్త్రీలలో కొందరి వ్రేళ్లకు ఇనుప ఉంగరములే యుండియుండవచ్చును. కాబట్టి మన షెడ్డు కుఱ్ఱవాడు క్రొత్త వింత ఏదియు చేయలేదు.

మోటారు బండ్ల పాత భాగములతో ఉంగరములు చేయుట ఇతర దేశములలో నేడు వృత్తిగానే యున్నది. అమెరికాలో డెట్రాయిట్ నగరము కార్ల కార్ఖానాలకు ప్రసిద్ధి. అచ్చట పూర్వము కార్లకు రంగును చేతి తుపాకులతో చిమ్మెడివారు. కారుమీద పడక ప్రక్కకు పోయిన రంగు క్రింది పట్టాలమీదను దిమ్మెలమీదను పేరుకొనుచు వచ్చెను. ఒక దినము ఎరుపు, ఒక దినము నీలము, మరునాడు తెలుపు. కారు పొయ్యిలోనికి పోయిన ప్రతిసారి ఆ పేరుకొనిన రంగును కాలి గట్టిపడెను. సంవత్సరములు గడచునప్పటికి అది రాయివలె ఆయెను. పనివారు చెత్తగా చెక్కి పారవేయుచున్నదానిని కొందరు ఇంటికి తీసికొనిపోయి కోసి మెరుగుపెట్టగా, వరుసలు వరుసలుగా రంగులు కనబడెను. దానికి ఫోర్డైట్ అనియు డెట్రాయిట్ అగేట్ అనియు పేరు. వెండిలో పొదిగి ఉంగరములుగా ధరించుచున్నారు. రంగు వేయు పద్ధతి మారిన తరువాత ఆ పేరుకొనుట ఆగిపోయినది గనుక ఇప్పుడు దానికి వెల కలిగెను. పాత రంగులలో సీసముండెడిది గనుక కోయునప్పుడు ఆ ధూళి పీల్చరాదు.

టైటానియము అను లోహముతోకూడ ఉంగరములు చేయుదురు. జపానుదేశపు హోండా కంపెనీవారు 1990లో ఎన్ఎస్ఎక్స్ అను కారు ఇంజనులో కనెక్టింగు రాడ్లను ఆ లోహముతో చేసిరి. అట్టి రాడ్డు విరిగినను దాని లోహము చెడదు. తేలికయైనది, తుప్పు పట్టదు, లేతుపై తరిగినయెడల మంచి ఉంగరమగును. ఇవన్నియు ధనవంతుల దేశములలోని వేడుకలని మీరనవచ్చును. నిజమే. మనకు వేడుక కాదు, అరయెకరము ప్రశ్న. అయితే విరిగిన యంత్రమును వ్యర్థమని విడువక దానిలోని మేలును వెదకుట మన కమ్మరివారికి క్రొత్త కాదు. లారీ కమాను కట్టతో కొట్టిన కత్తులు మన యిండ్లలో నేటికిని కలవు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇనుప ఉంగరమే పరిశుద్ధమైనదని, బంగారము పాపమని మేము చెప్పుట లేదు. ఇటలీదేశములో 1935 డిసెంబరు 18న స్త్రీలు తమ పెండ్లి ఉంగరములను తీసి ప్రభుత్వమునకిచ్చి, బదులుగా ఇనుప ఉంగరములు తొడుగుకొనిరి. రోమా నగరములో రాణి ఎలీనా మొదట తన ఉంగరము నిచ్చెను. చూచుటకు గొప్ప త్యాగమే. కాని ఆ బంగారము ముస్సోలినీ ప్రభుత్వము ఐతియొపీయా దేశముమీద చేయుచున్న దండయాత్రకు పోయెను. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో రథముమీద కూర్చుండి యెషయా గ్రంథము చదువుచుండిన మంత్రి ఐతియొపీయుడని మీరెరుగుదురు. ఆ పేరుగల దేశమును నాశనము చేయుటకు ఎందరో భార్యలు ఇనుప ఉంగరములు ధరించిరి. లోహము తనంతట తాను ఎవరిని మంచివారిగా చేయదు.

తిరిగి మన యౌవనుని సంగతికి వత్తము. మేము మొదట అతని నడిగినది, ఆ బేరింగులు ఎక్కడివి అని. షెడ్డు యజమానికి చెప్పి, పాత ఇనుము తూకము వెల చెల్లించి తీసికొంటినని చెప్పెను. యజమానిని విచారింపగా నిజమే. ఇది చిన్న సంగతి కాదు. కార్ల పొగగొట్టములో విషవాయువును తగ్గించుటకు అమర్చు పెట్టెలో ప్లాటినము, పల్లాడియము, రోడియము అను విలువగల లోహములుండును. దానికొరకే రాత్రివేళ కార్ల క్రింద దూరి ఆ పెట్టెలను కోసికొనిపోవు దొంగలు అనేక దేశములలో కలరు. దొంగిలిన ప్లాటినముకంటె కొనిన తుక్కు మేలు. ఆకాను డేరాలో పాతిపెట్టినది బంగారమే గదా.

రెండవది, వధువు నడిగితిమి. పెండ్లి ఖర్చు తగ్గించుమని ప్రసంగించువారము తరచుగా ఆ చిన్నదానిని అడుగుట మరతుము. ఆమె తల్లి ప్రక్కన నిలిచి, తల వంచుకొనియే గాని స్పష్టముగా చెప్పెను: "ఉంగరం ఏదైనా నాకు ఫర్వాలేదండి అయ్యగారూ. నాన్న పొలం తాకట్టు పెట్టకపోతే చాలు. కాని ఉంగరం ఇనుపది అన్నవాళ్లు మోటారు సైకిలు కూడా అడగకూడదు కదండీ."

అప్పుడు గదిలో ఎవరును మాటలాడలేదు. వరుని తల్లి మోటారు సైకిలు అడిగియుండెను. ఆ సంగతి ఆ యౌవనుడు మాకు చెప్పియుండలేదు. ఆడపిల్ల వ్రేలికి ఇనుము చాలునని సాదా జీవితమునుగూర్చి మాటలాడుచు, తన క్రిందికి బండి కోరు పెండ్లికుమారులు మన సంఘములలో అరుదు కారని మేము నిర్మొగమాటముగా వ్రాయుచున్నాము. యాకోబు పత్రిక రెండవ అధ్యాయములో బంగారు ఉంగరము పెట్టుకొనినవానికి సమాజమందిరములో మంచి చోటిచ్చుటనుగూర్చి గద్దింపు కలదు. ఇనుప ఉంగరము పెట్టుకొని తగ్గింపునకు మెప్పు కోరువానికిని ఆ గద్దింపు చెందునని మా అభిప్రాయము. వారము దినములు ఆ యౌవనుడు మా యొద్దకు రాలేదు. ఎనిమిదవ దినమున తల్లిని వెంటబెట్టుకొని వచ్చి, బండి అక్కరలేదని పెద్దల యెదుట చెప్పించెను. ఆ తల్లి ముఖము ప్రసన్నముగా లేదు. అయినను చెప్పినది. తాకట్టు కాగితము వ్రాయబడలేదు.

ఇట్టి ఉంగరములు చేయగోరు ఇతరులకొరకు కొన్ని పనిమాటలు. 6203 అను నంబరుగల బేరింగు లోపలి చుట్టు రంధ్రము 17 మిల్లీమీటర్లు, 6202కు 15. సన్నని వ్రేలికి చిన్నది తీసికొని కొంచెము తరిగి పెంచుకొనవచ్చును. బేరింగు ఉక్కు మిక్కిలి కఠినమైనది, ఆకురాయికి లొంగదు. కొలిమిలో ఎర్రగా కాల్చి, పొడి బూడిదలో పాతి రాత్రంతయు మెల్లగా చల్లారనిచ్చినయెడల మెత్తబడును. అటుపిమ్మట లేతుపై తరిగి ఎమరీ కాగితముతో నునుపు చేయవలెను. తిరిగి పదును పెట్టవద్దు. వ్రేలు వాచినప్పుడు ఆసుపత్రిలో ఉంగరమును కోసి తీయవలసివచ్చును, పదునుపెట్టిన ఉక్కును కోయుట కష్టము. ఇంజను వాల్వులను మాత్రము ఎవరును కోయరాదు. కొన్నిటి కాడలు గుల్లగా చేసి లోపల సోడియము నింపుదురు, దానికి నీరు తగిలినయెడల మంట లేచును.

ఈ ఉక్కులో క్రోమియము నూటికి సుమారు 1.5 పాళ్లే గనుక తుప్పు పట్టును. తుప్పు పట్టని ఉక్కుకు నూటికి పదిన్నర పాళ్లయినను కావలెను. చెమట తగిలిన దినమున గుడ్డతో తుడిచి కొబ్బరినూనె రాయవలెను. పెద్దలలో ఒకరు దీనిని పట్టుకొని, "రోజూ తుడవాల్సిన ఉంగరం ఏం ఉంగరమండీ?" అని నవ్విరి. ముప్పది సంవత్సరములు కాపురము చేసిన ఆయన భార్య వెనుకనుండి, "కాపురం తుడవక్కర్లేదా మరి?" అనెను. మేము దానికి ఏమియు చేర్చలేదు.

షెడ్డులో పనిచేయువారు పనివేళ ఉంగరము తీసి పెట్టెలో నుంచుకొనవలెను. బ్యాటరీ కొనలకు ఉంగరము తగిలినయెడల క్షణములో ఎర్రగా కాలి వ్రేలు కాల్చును. తిరుగు యంత్రములో చిక్కుకొనినయెడల వ్రేలే పోవును. భార్యలు దీనికి నొచ్చుకొనవద్దు. కొలత సాయంకాలమున తీసికొనుడి, ఉదయమున వ్రేళ్లు కొంచెము సన్నముగా నుండును. వివాహ ప్రకటన చదువు మొదటి ఆదివారమునకు ముందే ఉంగరములు మాకు చూపినయెడల, బిగువైనను వదులైనను సరిచేయుటకు వ్యవధి యుండును.