వెంట్రుకలు ఏరిన కూతురు

వయొలిన్ కమాను చరిత్ర ఎవరు రాసినా ఫ్రాంస్వా జేవియర్ తూర్త్ (1747-1835) పేరు రాయక తప్పదు. పారిస్‌లో కమానులు చేసే కుటుంబంలో పుట్టి, ముందు గడియారాల పని నేర్చి, తర్వాత తండ్రి వృత్తిలోకి వచ్చాడు. బ్రెజిల్ నుంచి వచ్చే పెర్నంబుకో కర్రను వేడితో వంచి ఆయన తీర్చిన కమాను రూపమే ఇప్పటికీ ప్రమాణం. పొడవు సుమారు 75 సెంటీమీటర్లు, బరువు 60 గ్రాములు.

1856లో సంగీత చరిత్రకారుడు ఫెతిస్ రాసిన పుస్తకంలో ఆయన పనితీరు గురించి చెబుతూ ఒక చిన్న మాట వస్తుంది. కమానుకు కట్టే గుర్రపు వెంట్రుకలు గుండ్రంగా, అంతటా ఒకే మందంతో ఉండాలి. పదింటిలో ఒకటి పనికొస్తే గొప్ప. వాటిని ఏరే పనిలో ఒకప్పుడు తూర్త్ కూతురు నిత్యం మునిగి ఉండేది. అంతే. అక్కడ ఆమె ‘కూతురు’ మాత్రమే.

పేరు లేకపోవడమే అన్యాయమా? తూర్త్ కూడా తన కమానుల మీద పేరు వేసుకున్నది అరుదు. మీర్‌కూర్‌లో పుట్టిన దొమినిక్ పెకాత్ (1810-1874) వియోమ్ దగ్గర పనిచేస్తూ చేసిన కమానుల మీద యజమాని పేరే పడింది. అయినా నిపుణులు కర్ర కొసను చెక్కిన తీరు చూసి అది ఎవరి చేతి పనో చెప్పగలుగుతున్నారు. కర్ర నిలిచింది కాబట్టి పేరు తిరిగొచ్చింది.

వెంట్రుకలు నిలవవు. వాయించేకొద్దీ అరుగుతాయి, తెగుతాయి, మళ్లీ మళ్లీ మార్చాలి. ఆమె చేతి గుర్తు ఏ కమానులోనూ మిగలదు. కానీ తీగను పట్టి పలికించేది రోజిన్ పూసిన ఆ వెంట్రుకలే.

నిలిచేదాన్ని సృష్టి అనీ, అరిగిపోయేదాన్ని చాకిరీ అనీ విడదీసిన లెక్క ఎవరిది? వండినది ఆ పూటకే అయిపోతుంది, ఉతికినది మర్నాటికి మాస్తుంది. ఆడవాళ్ల శ్రమ చరిత్రలోంచి జారిపోయింది ఈ లెక్కలోనే.

ఏరడంలో కళేముంది అని అడగొచ్చు. పదింటిలో తొమ్మిదింటిని కాదనడానికి కన్నూ వేలూ ఎంత ఎరిగి ఉండాలి! అలాగని ఆమెను తండ్రిని మించిన కళాకారిణిగా ఊహించుకోనక్కర్లేదు. అలా ఊహిస్తే పాత కొలబద్దనే చేతపట్టినట్టు. ఒక కమాను ఎవరి పని అని అడిగినప్పుడు, మిగిలినదాన్ని చేసినవాళ్లతో పాటు అరిగిపోయినదాన్ని చేసినవాళ్లనూ లెక్కించడం మొదలుపెడితే, మన సాహిత్య చరిత్రలూ తిరగరాయాల్సి వస్తుంది.