ఆయా బిడ్డను ఎవరు చూతురు?

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 2:1-10; మత్తయి 20:1-16



నిర్గమకాండము రెండవ అధ్యాయములోని కథను మనము ఆదివారపు బడి నాటినుండి ఎరుగుదుము. జమ్ముపెట్టె, ఏటి ఒడ్డు, దూరముగా నిలిచి చూచుచున్న అక్క, స్నానమునకు వచ్చిన రాజకుమారి, ఇవన్నియు మన పిల్లలు కూడ తడుముకొనకుండ చెప్పగలరు. కాని ఆ కథలో ఒక మాటను మనము తరచుగా దాటిపోవుచుందుము. ఫరో కుమార్తె ఆ పసివానికి పాలిచ్చుటకు ఒక హెబ్రీ స్త్రీని కుదుర్చుకొనినప్పుడు, ఆమెకు జీతమిత్తునని ఒప్పుకొనెను. ఆ దాదియే బిడ్డకు కన్నతల్లియని రాజకుమారికి తెలియదు. దేవుని ఏర్పాటువలన ఆ తల్లి తన పనిని, తన బిడ్డను ఒక్కచోటనే పొందెను. చేతికి జీతము వచ్చెను, ఒడిలో సొంత బిడ్డ ఉండెను. లోకములో దాదులైన వారందరికిని అట్టి భాగ్యము కలుగుటలేదు.

ఈ నెల మనము ఆలోచింపవలెనని కోరు ప్రశ్న ఇది. పరుల బిడ్డలను చూచుటయే జీవనోపాధిగా గల తల్లి, తన పసిబిడ్డను కూడ అదే స్థలములో తక్కువ ఫీజుతోనో, ఫీజు లేకుండనో ఉంచుకొనుట న్యాయమా? అట్టి తగ్గింపు ఆమెకు చేసిన దయయా, ఆమెకు చెల్లవలసిన బాకీయా? దాని భారమును ఎవరు మోయవలెను?

తలిదండ్రులిరువురును పనికి పోవు ఇండ్లవారు పట్టణములలో తమ పసిబిడ్డలను ఉదయమున అప్పగించి సాయంత్రమున తీసికొని పోవు కేంద్రములు కలవు. వాటిని క్రెష్ అనియు డే కేర్ అనియు పిలుతురు. అక్కడ బిడ్డలను కడిగి, తినిపించి, నిద్రపుచ్చి, ఏడ్చినప్పుడు ఎత్తుకొని తిరుగువారు ఆయాలు, టీచరమ్మలు. వారిలో అనేకులు చిన్నబిడ్డల తల్లులే. అయితే వారి జీతము చిన్నది, ఆ కేంద్రముల ఫీజు పెద్దది. తాను పనిచేయు చోట తన బిడ్డను ఉంచవలెనన్నచో, జీతములో పెద్దభాగము తిరిగి ఆ కేంద్రమునకే కట్టవలసివచ్చును. అప్పుడామె ఇంటిలోనే ఉండిపోవుట మేలని తలంచును. లేక బిడ్డను ఇరుగుపొరుగువారి దయకు విడిచి పనికి పోవును.

ఇది బీద దేశముల కష్టము మాత్రమే కాదు. అమెరికా ప్రభుత్వపు కార్మిక గణాంకముల ప్రకారము 2022 మే నెలలో ఆ దేశమున శిశు సంరక్షణ పనివారి మధ్యస్థ వేతనము గంటకు 13 డాలర్ల 71 సెంట్లు. అనగా సగము మంది అంతకంటె తక్కువ పొందుచుండిరి. ఆ దేశపు ఖర్చులనుబట్టి చూడగా అది మిక్కిలి స్వల్పము. అక్కడ కెంటకీ అను రాష్ట్రమున, ఆదాయము తక్కువగు కుటుంబముల పిల్లల డే కేర్ ఖర్చును భరించుటకు ఒక ప్రభుత్వ నిధి ముందునుండి కలదు. 2022లో ఆ రాష్ట్రమువారు ఒక క్రొత్త నిర్ణయము చేసిరి. డే కేర్ కేంద్రములో వారమునకు కనీసము 20 గంటలు పనిచేయువారు, తల్లియైనను తండ్రియైనను, ఇంటి ఆదాయమెంతయని అడుగకుండ తమ బిడ్డల కొరకు ఆ నిధినుండి సహాయము పొందవచ్చునని చెప్పిరి. మరుసటి సంవత్సరము అయోవా రాష్ట్రము కూడ ఇట్టి ప్రయోగమును ఆరంభించెను.

దీనికి కారణము జాలి మాత్రమే కాదు, లెక్క కూడ కలదు. కెంటకీ నియమములనుబట్టి శిశువుల గదిలో అయిదుగురు శిశువులకు ఒక పెద్ద మనిషి ఉండవలెను. ఒక తల్లి తన బిడ్డ నిమిత్తము పని మానుకొనినచో, అయిదు ఉయ్యాలలు ఖాళీయగును. ఆ అయిదుగురి తల్లులును తమ పనులకు పోజాలరు. ఆమె బిడ్డకు ఒక ఉయ్యాల ఇచ్చినయెడల తక్కిన నాలుగును నిలుచును. ఒక్కరికి చేసిన మేలు నలుగురికి మేలగుట ఇట్లే.

ఇక్కడనే మొదటి కష్టమైన ప్రశ్న వచ్చుచున్నది. అయిదు ఉయ్యాలలలో ఒకటి ఫీజు లేనిదైనచో, ఆ గది ఖర్చునంతటిని నలుగురి ఫీజులతోనే నడుపవలెను. చిన్న కేంద్రమును నడుపు యజమానురాలు దానిని ఎంతకాలము భరింపగలదు? ఆమె ఫీజు పెంచినచో ఇతర తలిదండ్రులమీద పడును. వారిలోను బీదలుందురు. పెంచకపోయినచో పనివారందరి జీతములను తగ్గించును. అప్పుడు బిడ్డలు లేని ఆయా, తన తోటి ఆయా బిడ్డ ఫీజును తెలియకుండనే కట్టినదగును. బిడ్డలులేని స్త్రీ మన సమాజములో ఇదివరకే ఎన్నో మాటలు పడుచున్నది. ఆమె కూలిలోనుండి కూడ తీసికొనుట న్యాయము కాదు.

మత్తయి సువార్త ఇరువదియవ అధ్యాయములోని ద్రాక్షతోట యజమానుడు సాయంకాలమున వచ్చినవారికిని నిండుకూలి ఇచ్చెను. ఉదయమునుండి ఎండలో పనిచేసినవారు సణిగిరి. అయితే ఆ యజమానుడు చేసిన ఒక పనిని గమనింతము. కడపటివారికిచ్చిన అధికపు సొమ్మును మొదటివారి కూలిలోనుండి కోయలేదు. ఒప్పుకొనిన దేనారము వారికి పూర్తిగా ముట్టెను. తనకున్న దానిలోనుండి అతడు ఉదారముగా ఇచ్చెను. ఇతరుల కూలి నుండి తీసి చూపించు ఔదార్యము ఔదార్యమనిపించుకొనదు. ఈ కొలతతో చూచినచో కెంటకీవారి ఏర్పాటులో ఒక మంచి గుణము కనబడుచున్నది. అక్కడ భారము చిన్న యజమానురాలి మీదగాని తోటి పనివారిమీదగాని పడలేదు. బిడ్డలు బాగుండుటవలన అందరికిని లాభము గనుక అందరి సొమ్మునుండి చెల్లించిరి.

రెండవ ప్రశ్న మన గ్రామస్థులకు సులభముగా తెలియును. దొర ముందుగా అప్పు ఇచ్చి, దాని పేరున పాలేరును ఏండ్ల తరబడి కట్టివేయుట మన పెద్దలు చూచినదే. 1976లో మన దేశము వెట్టిచాకిరిని చట్టముద్వారా రద్దుచేసెను. ఆ అప్పు ఇచ్చిన దినమున దొర మాట దయగానే వినబడెను. బిడ్డ ఫీజు తగ్గింపు కూడ అట్టి త్రాడు కాగలదు. “నీ బిడ్డను ఊరకనే చూచుచున్నాము గదా, జీతము పెంచమని అడుగవచ్చునా?” అని యజమాని పలికినచో, ఆ తగ్గింపు తల్లి నోటికి తాళమగును. పని మానినచో బిడ్డ చోటు పోవునను భయముతో ఆమె అన్యాయమునైనను సహించును. కళ్ళము త్రొక్కు ఎద్దు నోటికి బుట్ట కట్టవద్దని ద్వితీయోపదేశకాండము ఇరువదియైదవ అధ్యాయము మనకు నేర్పుచున్నది. ఎద్దు గింజలు తినుచున్నది గనుక గడ్డి వేయనక్కరలేదని అక్కడ చెప్పబడలేదు. తగ్గింపు వేరు, జీతము వేరు. ఒకదానిని చూపి రెండవదానిని ఎగవేయరాదు.

మూడవది, “పిల్లలను చూచుట ప్రేమతో చేయవలసిన సేవ, దానికి లెక్కలేల?” అని భక్తిగలవారు కొందరు అడుగుదురు. వారి మాటను మనము తేలికగా త్రోసివేయరాదు. పద్దెనిమిదవ శతాబ్దములో వోజ్ పర్వతములలోని బీద పల్లెలలో ఒబెర్లిన్ అను ప్రొటెస్టెంట్ పాదిరిగారు చిన్నపిల్లలను చేరదీయు బడులు నడిపించిరి. అక్కడ లూయీజ్ షెప్లర్ అను స్త్రీ తన జీవితమంతయు ఆ పిల్లలకొరకు వెచ్చించెను. తనకు జీతమక్కరలేదని, తన్ను కుమార్తెగా ఎంచవలెనని ఆమె 1793లో ఆయనకు వ్రాసెను. 1829లో ఫ్రెంచి అకాడమీవారు ఆమెను బహుమానముతో గౌరవించిరి. ఆమె త్యాగము గొప్పది. అయితే జీతము వద్దని చెప్పినది ఆమెయే, వేరెవరును ఆమె తరఫున చెప్పలేదు. ఆమె వివాహము చేసికొనలేదు. ఆకలితో ఇంట ఎదురుచూచు సొంత బిడ్డ ఆమెకు లేదు. ఒకరు మనసార అర్పించిన దానిని చూపి మరియొకరి యొద్ద దానిని వసూలు చేయుట త్యాగమునకు గౌరవము కాదు.

ఇక మన దేశపు సంగతి చూతము. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, స్త్రీలు అధికముగా పనిచేయు కర్మాగారములలో ఆరేండ్లలోపు బిడ్డలకు ఒక గది ఉండవలెనని విధించెను. 2017లో ప్రసూతి ప్రయోజనముల చట్టమును సవరించి, 50 మందికి తక్కువకాకుండ పనివారున్న సంస్థ క్రెష్ ఏర్పాటు చేయవలెననియు, తల్లి దినమునకు నాలుగుమారులు పోయి బిడ్డను చూచుకొనవచ్చుననియు నిర్ణయించిరి. ఇవి మంచి నిబంధనలే. కాని ఆరుగురు ఆయాలతో నడుచు చిన్న డే కేర్ కేంద్రము 50 అను లెక్కకు ఎన్నడు చేరును? బిడ్డలను చూచుటకే పెట్టిన ఇంటిలో, చూచువారి బిడ్డకు చట్టము చోటు చూపలేదు. పరమగీతము మొదటి అధ్యాయములోని ఆ యువతి, ఇతరుల తోటలకు కావలియై తన తోటను కాచుకొనలేకపోతినని దుఃఖపడినది. ఆమె దుఃఖము నేటి అనేక తల్లుల దుఃఖమే.

1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము వలన మన పల్లెలకు అంగన్‌వాడీలు వచ్చినవి. అక్కడ ఫీజు లేదు గనుక టీచరు బిడ్డయు కూలివాని బిడ్డయు ఒక్క చాపమీద కూర్చుండవచ్చును. ఇది సంతోషింపదగిన సంగతి. అయితే అక్కడ పనిచేయు స్త్రీలకు ఇచ్చు సొమ్మును జీతమనక గౌరవ వేతనమనుచు వచ్చిరి. వారికి గ్రాట్యుటీ చెల్లవలెనని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పవలసి వచ్చెను. పేరులో గౌరవముండి చేతిలో కొరతయుండుట ఎట్టిదో దీనివలన తెలిసికొనవచ్చును.

మన జిల్లాలనుండి కువైటు మొదలగు దేశములకు ఇంటిపనికి పోయిన అక్కచెల్లెండ్రను కూడ ఇక్కడ జ్ఞాపకము చేసికొందము. వారు అక్కడి బిడ్డలకు అన్నము తినిపించుచుండగా, వారి బిడ్డలు ఇక్కడ అమ్మమ్మల యొద్ద ఫోనులో తల్లి స్వరము వినుచున్నారు. ఆ దూరమును ఏ తగ్గింపును పూడ్చలేదు. కాని దగ్గరనున్న ఆయా బిడ్డ విషయములో మనము చేయదగినది చేయకుండుటకు అది సాకు కారాదు.

కావున మా అభిప్రాయమును క్లుప్తముగా చెప్పుచున్నాము. పిల్లలను చూచు తల్లి బిడ్డకు ఆ ఇంటిలో చోటుండుట ఆమెకు చెల్లవలసినదే. ఆ చోటునకు అగు ఖర్చు తోటి పనివారి కూలిలోనుండి రాకూడదు. ఆ చోటును చూపి ఆమె జీతమును తగ్గింపరాదు, ఆమె నోరు మూయరాదు. ఆమె సేవవలన మేలు పొందు వారందరును, ప్రభుత్వమైనను సంఘమైనను, ఆ భారమును పంచుకొనవలెను.

మన సంఘములలో బాలబడులు, హాస్టళ్ళు, ఆసుపత్రులు నడుపుచున్నవారు కలరు. ఈసారి కమిటీ కూడినప్పుడు లెక్కల పుస్తకము మూయకముందు ఒక ప్రశ్న అడుగుడి. మనయొద్ద వంటచేయు, ఊడ్చు, పిల్లలను చూచు స్త్రీలలో ఎందరికి అయిదేండ్లలోపు బిడ్డలున్నారు? పనివేళలలో ఆ బిడ్డలు ఎక్కడ ఉన్నారు? జవాబు తెలియనిచో వారినే అడిగి తెలిసికొనుడి. ఒక గది, ఒక చాప, నాలుగు ఉయ్యాలలు, నమ్మకమైన ఒక అవ్వ, ఆ అవ్వకు తగిన జీతము, వీటితో ఆరంభింపవచ్చును. ఖర్చును సంఘపు లెక్కలో బాహాటముగా వ్రాయుడి. ఎవరి జీతములోను కోయకుడి.

రాజకుమారి తనకు తెలియకుండనే ఒక తల్లికి ఆమె బిడ్డను, జీతమును కలిపి ఇచ్చెను. మనము తెలిసియే ఆ పని చేయుదుము గాక.